సాక్షి మీకేమవుతారు

జూన్ 3

మామయ్య గారికి,

నమస్కారాలు. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందా అని పోయిన ఉత్తరంలో అడిగాను. మీరు జవాబివ్వలేదు కనుక మళ్ళీ అడుగుతున్నాను.

నిన్న ఉదయం పదింటికి సైనిక రికార్డుల కార్యాలయానికి వెళ్ళి, మీ సర్వీసు పుస్తకంలో దిద్దుబాటు కోరుతూ దరఖాస్తు నా చేతులతో ఇచ్చి వచ్చాను. గుమాస్తా కిటికీ అవతలి నుంచే మీ పుస్తకం తెరిచి చూపించాడు. ముప్పై ఏళ్ళుగా పుస్తకాలకు కుట్లు వేసి బతుకుతున్నవాణ్ణి. దాన్ని అక్కడికక్కడే కుట్టి బాగుచెయ్యాలనిపించింది. వెన్ను విరిగిపోయింది. తుప్పు పట్టిన గుండుసూది రెండు పేజీలను తినేసింది. ఎవరో టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక సరిగ్గా మీ పుట్టిన తేదీ చుట్టూ ఉంది. పదకొండో పేజీలో ‘పతకములు’ అనే గడి ఉంది. అందులో ‘లేవు’ అని రాసి ఉంది. ఆ మాట రాసినవాడికి అక్షరం గడిలో పట్టేలా రాసే ఓపిక కూడా లేదు. ‘వు’ కొమ్ము పక్క గడిలోకి జారిపోయింది.

పోయిన నవంబరులో మాజీ సైనికుల సమావేశం దగ్గర జరిగింది నేను మరిచిపోలేదు. రిజిస్టరు ముందు కూర్చున్న మనిషి, వయసులో మీకు కొడుకయ్యేవాడు, “మీకు పతకం ఉన్నట్టు ఇందులో లేదండీ, ఆ రిబ్బను తీసెయ్యండి, వెనక చాలామంది ఉన్నారు” అన్నాడు. మీరు రిబ్బను తీసి కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నారు. ఆసుపత్రి మంచం మీద ఉండగా కమాండరు స్వయంగా మీ చొక్కాకు గుచ్చిన రిబ్బను అది. మీ దళాన్ని రద్దు చేసినప్పుడు ఉత్తర్వు కాగితం ఎక్కడో పోయింది. అది మీ తప్పు కాదు. ఈ నవంబరులో మీరు ఆ రిబ్బను పెట్టుకుని అదే మనిషి ముందు నిలబడాలి. నేను కోరేది అంతే.

వాళ్ళు అడిగిన కాగితాలు మూడు. నేను పదిహేడు ఇచ్చాను. వాటిలో ముఖ్యమైనవి:

ఒకటి. మీ కుడి ముంజేతి కాలిన గాయాల గురించి ఆసుపత్రి వారి చీటీ.

రెండు. ఇప్పుడు మాజీ సైనికుల వసతి గృహంలో ఉంటున్న బాబాయి, ఆ రోజుల్లో ఆసుపత్రి నుంచి అమ్మమ్మకు రాసిన ఉత్తరం. “అత్తయ్యా, లారీ అంటుకున్నాక బావ రెండుసార్లు మంటల్లోకి వచ్చాడు. మొదటిసారి నన్ను లాగాడు, రెండోసారి వంటవాణ్ణి. నా కుడి పాదం పోయింది గానీ నేనున్నాను, మీరు బెంగపడకండి.” ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఎవరు తేగలరు?

మూడు. మన కుటుంబ సభ్యుల జాబితా, ముప్పై ఒక్కమంది, బంధుత్వాలతో సహా. ఇది పదిహేడో కాగితం. దీన్ని ఎవరూ అడగలేదు. కానీ అడగకముందే ఇచ్చినవాడికి ఎవరూ వంక పెట్టలేరు.

మీ మేనల్లుడు
జతపరచినవి: దరఖాస్తు నకలు, ఒకటి.


జూన్ 14

ఒరే చిట్టా,

నీ ఉత్తరం అందింది. కవరు చూసి మీ అత్తయ్య “ఏ కోర్టు నుంచండీ” అంది. దాని మోకాలికేం, బాగానే ఉంది. నా మీద అరవడానికి వంటింట్లోంచి నడిచి మరీ వస్తోంది. మొదటి ప్రశ్నకి జవాబు, రాసుకో.

పదిహేడు కాగితాలెందుకురా? పదిహేనేళ్ళు సైన్యంలో లారీ తోలాను, అన్నేళ్ళకీ నా దగ్గర పదిహేడు కాగితాల్లేవు. నువ్వు ఎనిమిదో తరగతిలో బడి మానేస్తే మీ అమ్మ వీడికింక చదువు రాదని ఏడ్చింది. బైండింగుకొచ్చిన పుస్తకాలన్నీ చదివేసి ఇలా తయారవుతావని తెలిస్తే ఇంకో గంట ఏడ్చేది.

రిబ్బన్ సంగతి నాకు పట్టలేదని అబద్ధం చెప్పను. ఆ రోజు ఇంటికొచ్చాక కళ్ళజోడు పెట్టె తెరవబుద్ధి కాలేదు. నాలుగు రోజులు పేపరు చదవలేదు. అంతకంటే రాయను.

బావకి చెప్పులు పంపాను. ఆ వసతి గృహంలో నేల మంచుగడ్డలా ఉంటుందని రాశాడు. ఎప్పట్లాగే జత కొని, ఎడమది పంపి, కుడిది నేనుంచుకున్నాను. మంచం కింద కుడికాలి చెప్పులు పదకొండయ్యాయి. “ఇంకో బావని వెతుక్కోండి, ఎడమ పాదం లేనివాణ్ణి” అంటోంది మీ అత్తయ్య.

మామయ్య


జులై 9

మామయ్య గారికి,

నమస్కారాలు. దరఖాస్తు తిరిగి వచ్చింది. కారణాన్ని వాళ్ళ మాటల్లోనే రాస్తున్నాను, ఎందుకంటే నా మాటల్లో రాస్తే మర్యాదగా ఉండదు.

“సాక్షి దరఖాస్తుదారునకు బావ యగునని సదరు ఉత్తరము వలనను, పదిహేడవ జతపత్రములో పద్నాలుగవ వరుస వలనను తెలియుచున్నది. బంధువుల సాక్ష్యము చెల్లదు.”

పద్నాలుగవ వరుసలో ‘బాబాయి’ అని రాసింది నేనే. ఎర్ర సిరాతో గీత కూడా గీసి ఇచ్చాను, అందంగా ఉంటుందని. ఇదేమిటని అడగడానికి వెళితే, గుమాస్తా ఫైలులోంచి గుండుసూది తీసి చెవి శుభ్రం చేసుకుంటున్నాడు. “మేం అడిగామా అండీ ఆ జాబితా? మీరే తెచ్చి ఇస్తిరి” అన్నాడు. ఆ సూదిని మళ్ళీ అదే ఫైలుకు గుచ్చాడు. అది మీ ఫైలు, మామయ్యా.

ఆ రోజు అక్కడ ఉన్నవారిలో మీరు కాక ఇప్పుడు బతికి ఉన్నది బాబాయి ఒక్కరే. కనుక ఈ క్రింది వాటికి వెంటనే జవాబు కావాలి. ఆయన మీకు ఏ వైపు నుంచి బావ? మేనరికమా, దూరపు చుట్టరికమా? ఎన్ని తరాల దూరం? మూడు తరాలు దాటితే బంధుత్వం లెక్కలోకి రాదని నిబంధనల పుస్తకంలో చదివాను.

మీ మేనల్లుడు
జతపరచినవి: అభ్యంతర పత్రం నకలు. బంధుత్వ పట్టిక, ఖాళీది, మీరు నింపడానికి.


జులై 18

ఒరే చిట్టా,

నీ పట్టిక చూసి నవ్వలేక చచ్చాను. మీ అత్తయ్య మంచినీళ్ళు తెచ్చింది.

ఎన్ని తరాలేమిట్రా? వాడు నాకేమీ కాడు. అనాథ శరణాలయంలో పెరిగాడు, వాడికి ముందూ వెనకా ఎవరూ లేరు. శిక్షణలో మొదటి రోజు నా పక్క మంచం వాడిది. అడక్కుండా నా సబ్బు తీసి ఒళ్ళంతా రుద్దేసుకున్నాడు. “నువ్వేమన్నా నా బావవా, అడక్కుండా వాడుకోడానికి” అన్నాను. “అయితే బావనే” అన్నాడు సబ్బు నురగలోంచి. అంతే. సెలవులకి ఇంటికి తీసుకొస్తే మా అమ్మని అత్తయ్యా అని పిలిచి నాకన్నా ముందు కంచం ముందు కూర్చున్నాడు. మీ అమ్మ కూడా చాలా ఏళ్ళు ఎవరో చుట్టమే అనుకుంది.

నలభై అయిదేళ్ళొచ్చాయి, ఊళ్ళో వాళ్ళ పుస్తకాలన్నీ చదివావు, నీ సొంత బాబాయి ఎవరో నీకు తెలీదు. వాడికి చెప్పు, నవ్వుతాడు.

మామయ్య


ఆగస్టు 11

మామయ్య గారికి,

నమస్కారాలు. శుభవార్త. మీ ఉత్తరంలోని ఒక్క వాక్యం మొత్తం పని చక్కబెట్టింది.

నిబంధనల ప్రకారం, సాక్షికీ దరఖాస్తుదారుకూ ఎటువంటి సంబంధమూ లేదని ఇద్దరూ విడివిడిగా తెలియజేయాలి. మీ వైపు నుంచి మీ స్వహస్తాలతో “వాడు నాకేమీ కాడు” అని ఉండనే ఉంది. ఆ వాక్యం ఒక్కటే కనిపించేలా మిగతా ఉత్తరాన్ని తెల్లకాగితంతో కప్పి, చుట్టూ సన్నగా జిగురు రాసి నకలు తీయించాను. సబ్బు, కంచం మొదలైనవి కార్యాలయానికి అనవసరమని నా ఉద్దేశం.

శనివారం రైల్లో వెళ్ళి బాబాయిని కలిశాను. వసతి గృహంలో ఆయనది కిటికీ పక్క మంచం. మీ చెప్పు వేసుకునే ఉన్నారు. దిండు కింద మీ ఉత్తరాల కట్ట ఉంది, గుడ్డపేలికతో కట్టింది. నేను మంచి దారంతో కుట్టి ఇస్తానన్నాను, వద్దన్నారు. నకలు చూపించాను. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివారు.

“ఇది వాడే రాశాడా?” అని అడిగారు.

“ఆయన చేతిరాతే, చూడండి బాబాయ్” అన్నాను.

“చేతిరాత నాకు తెలీదా” అన్నారు. తరువాత, “వాడికి పతకం వస్తుందా దీంతో?” అన్నారు. వస్తుందన్నాను. సంతకం చేశారు. కలానికి మూత పెట్టి నాకు తిరిగిచ్చి, “మీరు వెళ్ళిరండి, రైలు తప్పిపోతుంది” అన్నారు. రైలుకు ఇంకా మూడు గంటలుంది. ఆయనకు నీరసంగా ఉందనుకుని వచ్చేశాను.

రెండు ప్రకటనలూ నిన్న సమర్పించాను. ఈసారి అడగని కాగితం ఒక్కటీ ఇవ్వలేదు.

మీ మేనల్లుడు
జతపరచినవి: బాబాయి ప్రకటన నకలు.


సెప్టెంబరు 6

చిట్టా,

వానాకాలమని బావకి ఇంకో చెప్పు పంపాను, రబ్బరుది. నిన్న తిరిగొచ్చింది. పార్సెల్ మీద ముద్ర: “బంధువులు లేరు. బయటివారి వస్తువులు స్వీకరించబడవు.” లోపల నా ఉత్తరం కూడా ఉంది, విప్పలేదు.

వసతి గృహం వార్డెనుకి ఫోను చేశాను. “ఆయనకెవరూ లేరండీ, ఆయనే సంతకం పెట్టిచ్చారు, పైనుంచి కాగితం వచ్చింది” అన్నాడు. కిటికీ పక్క మంచం తీసేశారట. ఎవరూ లేనివాళ్ళకి వెనకాల వేరే గదట, స్టోరు పక్కన. వాడి ఒంట్లో బాగుందా అంటే, “మీరెవరు అడగడానికి” అన్నాడు. ఫోను పెట్టేశాను.

నిన్ను వాడికి చెప్పమన్నాను. నవ్వుతాడని చెప్పమన్నాను. నువ్వు ఆ సబ్బునీ కంచాన్నీ తెల్లకాగితం కింద పూడ్చి, మిగిలిన ముక్క తీసుకెళ్ళి వాడి కళ్ళ ముందు పెట్టావు. వాడు నిన్ను ‘మీరు’ అన్నాడని రాశావు. పుట్టినప్పటి నుంచి నిన్ను ఒరే అన్న మనిషి. అది కూడా నీకు నీరసంలాగే కనిపించిందా?

నీ మీద కోపం సగమే. నోటికొచ్చినట్టు రాసింది నేను. నా చేతిరాత చూస్తే నాకే రోతగా ఉంది. ఇది మీ అత్తయ్య చేత రాయిస్తున్నాను.

మామయ్య


సెప్టెంబరు 15

మామయ్య గారికి,

మీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని రెండు రోజులు పని ముట్టలేదు. క్షమాపణ అడగడానికి కూడా నాకు మాటలు చాలవు. నేను ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని విడిపోయిన కాగితాలను కలిపి కుట్టడం. ఒక్కసారి కాగితం కప్పి మీ ఇద్దరినీ విడగొట్టాను, అదీ శుభ్రంగా, అంచులు సమంగా వచ్చేట్టు. ఆ కప్పిన నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. చూస్తే నా చేతుల మీద నాకు అసహ్యం వేస్తోంది.

జరిగినదంతా కనుక్కున్నాను. రికార్డుల కార్యాలయానికి రెండు అంతస్తులు. వసతి గృహాలను చూసే విభాగం పై అంతస్తులో ఉంది. బాబాయి సంతకం చేసిన కాగితాన్ని వాళ్ళు నమ్మారు, ఆయనకు ఎవరూ లేరని వసతి గృహానికి రాశారు. పతకాల విభాగం కింది అంతస్తులో ఉంది. వాళ్ళు నమ్మలేదు. బాబాయి సర్వీసు పుస్తకం తీయించి నా ముందు తెరిచారు. సైన్యంలో చేరిన వారంలో రాసిన పేజీ. ‘దగ్గరి బంధువు’ అనే గడిలో మీ పేరు ఉంది. ‘సంబంధము’ అనే గడిలో ‘బావ’ అని ఉంది. లావుపాటి అక్షరాలు. అప్పుడే రాయడం నేర్చుకున్నట్టు ఉన్నాయి.

కనుక పై అంతస్తులో మీరు ఆయనకు ఏమీ కారు, మంచం లేదు, చెప్పు చేరదు. కింది అంతస్తులో మీరు ఆయనకు బావ, సాక్ష్యం చెల్లదు. మధ్యలో ఇరవై రెండు మెట్లు. వాటిని ఎక్కుతూ దిగుతూ మధ్యాహ్నం దాకా ఉన్నాను. ఒక్కరైనా తలెత్తి “అయ్యో” అనలేదు. కింది గుమాస్తా మాత్రం ఒక ఉపాయం చెప్పాడు: “ఆ పెద్దాయన పుస్తకంలో బావ అన్నది పొరపాటుగా పడిందని ఒక అర్జీ ఇప్పించండి. కొట్టేస్తాం. మీ పతకం నవంబరు లోపే వచ్చేస్తుంది.” ఎంత తేలిగ్గా అన్నాడంటే, వేళ్ళకంటిన జిగురు తుడుచుకున్నట్టు.

ఆ అర్జీ మీద మీరూ బాబాయీ సంతకం చేయాలి. చేస్తే రిబ్బను వస్తుంది. ఇది మీ నిర్ణయం. నాకు జాబితా రాయబుద్ధి కావడం లేదు.

మీ మేనల్లుడు


సెప్టెంబరు 22

ఒరే,

వాడు అలా రాశాడని నాకు తెలీదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. మొదటి వారమంటే సబ్బు సంగతి జరిగి నాలుగు రోజులు కూడా అయ్యుండదు.

కొట్టేయించేది లేదు. పతకం అర్జీ వెనక్కి తీసుకో. నా ‘ఏమీ కాడు’, వాడి సంతకం, రెండూ తప్పని రాసివ్వు, నేను సంతకం పెడతాను. దాంతోపాటు ఇంకో అర్జీ పెట్టు. నా పుస్తకంలో బంధువుల గడిలో మా అమ్మ పేరుంది. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు. దాని కింద వాడి పేరు రాయమను. సంబంధం: బావ.

మా బావకి నేను నవంబరులో కనిపించాలి, ఆ రిజిస్టరు ముందు కూర్చున్నవాడికి కాదు. త్వరగా కానివ్వు.

మామయ్య


అక్టోబరు 24

మామయ్య గారికి,

నమస్కారాలు. పని పూర్తయింది. పందొమ్మిది రోజులు పట్టింది. ఒక్క అభ్యంతరం లేదు, ఒక్క సాక్షిని అడగలేదు. పతకం కోరితే మనిషిని దొంగలా చూసే కార్యాలయం, బంధువును కోరితే కళ్ళు మూసుకుని ముద్ర వేసింది.

కింది గుమాస్తా, “అయితే పతకం వద్దా?” అన్నాడు.

“వద్దు” అన్నాను.

“ముందే చెప్తే అందరికీ పని తగ్గేదిగా” అన్నాడు. నేను వచ్చేశాను, లేకపోతే ఆ గుండుసూదితో ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు.

ముద్ర వేసిన పత్రాన్ని కవరులో పెట్టి అతికించి వాళ్ళే నేరుగా వసతి గృహానికి పంపారు. నకలు ఇవ్వలేదు కనుక నేను సరిచూడలేకపోయాను. ఇది నన్ను కొంచెం బాధిస్తోంది. మీరు వెళ్ళగానే ఒకసారి చదవండి. బాబాయిని నా తరఫున క్షమాపణ అడగండి. నేరుగా రాయడానికి నాకింకా ముఖం చెల్లడం లేదు.

మీ మేనల్లుడు
జతపరచినవి: లేవు.


నవంబరు 8
వసతి గృహం నుంచి

ఒరే చిట్టా,

వచ్చి ఆరు రోజులైంది. గేటు దగ్గర వార్డెన్ పేరడిగి రిజిస్టరు తిప్పి, “రండి రండి, మీరు బంధువు గదా” అన్నాడు. ఫోనులో మీరెవరన్నది ఈ నోరే.

స్టోరు పక్క గది చూశాను. ఆరు మంచాలు, ఒక బల్బు, గోడంతా చెమ్మ. తుడిచే బకెట్లు కూడా అందులోనే పెడతారు. ఆ వాసన నా చొక్కాకి ఇంకా పోలేదు. బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దగ్గుతున్నాడు. నన్ను చూసి, “కూర్చోండి. మీరు నాకేమవుతారు?” అన్నాడు. యాభై ఏళ్ళలో వాడు నన్ను మీరనడం అదే మొదలు. నీకు రాసిన ఉత్తరం మొత్తం, సబ్బు దగ్గర్నుంచి, నోటితో చెప్పి వినిపించాను. వినలేదు. చెప్పు ఇచ్చాను. తీసుకోలేదు. రెండు రోజులు అలాగే, మీరూ మీరూ అంటూ, పరాయివాళ్ళలాగా.

మూడో రోజు వార్డెన్ దగ్గరికెళ్ళి ఆ కాగితం తెచ్చి వాడి చేతికిచ్చాను. “నేనేమవుతానో ఇందులో రాయించాను, చదువుకో” అన్నాను. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. దగ్గు మొదలైందనుకుని లేచాను. దగ్గు కాదు, నవ్వు.

“ఒరే బావా, ఇటు చూడు. నన్ను బావిని చేశావేంట్రా” అన్నాడు.

చూశాను. దగ్గరి బంధువు, వాడి పేరు. సంబంధం: బావి. గుండ్రటి ముద్ర, పచ్చసిరా సంతకం, అన్నీ ఉన్నాయి. ఆఫీసులో నలుగురు చూసి సంతకాలు పెట్టారు, వార్డెన్ చూసి గేటు తీశాడు, నేనడిగాక మంచం కిటికీ దగ్గరికి మార్చాడు. ఎవడూ ఆ మాట చదవలేదు. పైన పతకాల గడి కూడా కొత్తగా టైపు చేశారు. ‘లేవు’. ఈసారి అక్షరాలు పక్క గడిలోకి జారలేదు, నీకు సంతోషం.

నిన్న సాయంత్రం టీ దగ్గరికి రిబ్బన్ పెట్టుకుని వెళ్ళాను. వార్డెన్ దగ్గరికొచ్చి, “రికార్డులో లేదు గదండీ” అన్నాడు. బావ టీ గ్లాసు దించి, “రికార్డులో నేను బావిని. నీళ్ళు కావాలంటే తోడుకుని వెళ్ళు, లేకపోతే నిలబడకు” అన్నాడు. టీలు తాగుతున్నవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. రిబ్బన్ తీయలేదు.

నిన్ను క్షమించేది లేదంటున్నాడు. నువ్వొచ్చి ఆ ఉత్తరాల కట్ట కుట్టిస్తే ఆలోచిస్తాడట. ఏ కాగితమూ కప్పకుండా కుట్టాలట. “ఆ చిట్టాగాణ్ణి రమ్మను” అన్నాడు, కాబట్టి నీ సంగతి ఫరవాలేదు.

నువ్విది చదివి ఈపాటికి కలం తీసి ఉంటావు. తెల్లకాగితం మీద ‘దిద్దుబాటు కోరుతూ’ అని పైన రాసి కింద గీత కూడా గీసి ఉంటావు. ఆపు. ఆ పుస్తకంలో మిగతా తప్పులన్నీ వాళ్ళవి. ఇది ఒక్కటీ మాది. దీన్ని దిద్దించకు.

మామయ్య